జర్మనీలో చదువుకు వెళ్తున్నారా? రెసిడెన్స్ పర్మిట్ పని ఇంటి దగ్గరే మొదలుపెట్టండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి జర్మనీకి ఎంఎస్ చేయడానికి వెళ్లే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వీసా స్టిక్కర్ పడేదాకా ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. అది పడగానే పెద్ద పని అయిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. పెట్టె సర్దడం, ఊరగాయలు కట్టించడం మొదలవుతుంది. కానీ ఆ స్టిక్కర్ జర్మనీలో అడుగుపెట్టి మొదటి కొన్ని నెలలు ఉండటానికే. చదువు అయ్యేదాకా అక్కడ ఉండాలంటే రెసిడెన్స్ పర్మిట్ అని ఇంకో అనుమతి తీసుకోవాలి. దాని గురించి ఇక్కడ కన్సల్టెన్సీల్లో చెప్పేవాళ్లు తక్కువ. వాళ్ల పని వీసాతో అయిపోతుంది, మీ పని అక్కడే మొదలవుతుంది.

నేను ఒంగోలు వైపువాణ్ని. జర్మనీలోనే చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్నాను. అక్టోబరు వచ్చిందంటే మనవైపు పిల్లల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, వీసా ఇంకో పది రోజుల్లో అయిపోతుంది, అపాయింట్‌మెంట్ దొరకడం లేదు, ఏం చేయాలి?" అని భయంభయంగా అడుగుతారు. ఆ భయం చాలావరకు ఎవరికీ రావాల్సిన పని లేదు.

మొత్తం వ్యవహారంలో ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకోండి. కార్డు ఎప్పుడొస్తుందన్నది మీ చేతిలో లేదు. వీసా గడువు తీరకముందే పూర్తి దరఖాస్తు పెట్టడం, పెట్టినట్టు తేదీతో సహా రుజువు దగ్గర ఉంచుకోవడం మీ చేతిలో ఉంది. అక్కడి చట్టం మిమ్మల్ని కాపాడేది ఆ తేదీని బట్టే. కింద చెప్పే ప్రతి పనీ ఆ తేదీని దక్కించుకోవడం కోసమే.

ఉద్యోగం మీద వెళ్లేవాళ్లకు, భర్త దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లేవాళ్లకు కాగితాలు కొన్ని మారతాయి. నేను రాస్తున్నది చదువు కోసం వెళ్లేవాళ్లకు.

వీసా వేరు, పర్మిట్ వేరు

పాస్‌పోర్టులో అంటించేది నేషనల్ వీసా. దాని మీద 'డి' అని ఉంటుంది. చాలామందికి మూడు నెలల నుంచి ఆరు నెలల దాకా ఇస్తారు, కొందరికి ఏడాదికి కూడా వస్తుంది. రెసిడెన్స్ పర్మిట్ అనేది చిప్ ఉన్న ప్లాస్టిక్ కార్డు. దాన్ని ఇచ్చేది ఎంబసీ కాదు, మీరు ఉండే ఊళ్లోని విదేశీయుల ఆఫీసు. ఆస్‌లెండర్‌బెహోర్డె అంటారు. బెర్లిన్‌లో అదే పని చేసే ఆఫీసు పేరు లాండెస్‌అమ్ట్ ఫ్యూర్ ఐన్‌వాండరుంగ్. ఊరు మారితే ఆఫీసు మారుతుంది, పద్ధతి కూడా కొంత మారుతుంది. అందుకే మాగ్డెబుర్గ్‌లో చదివే మీ బావ చెప్పింది కెమ్నిట్జ్‌లో మీకు అచ్చంగా అలాగే జరగదు. చట్టం మాత్రం దేశమంతటికీ ఒకటే.

చదువు కోసం ఇచ్చే పర్మిట్ జర్మన్ నివాస చట్టంలోని 16బి సెక్షన్ కింద వస్తుంది. మామూలుగా రెండేళ్లకు ఇస్తారు, కోర్సు అంతకంటే ముందే అయిపోయేదైతే అంతవరకే. పాస్‌పోర్టు గడువు దాటి మాత్రం ఇవ్వరు.

టూరిస్ట్ వీసా మీద ముందు వెళ్లిపోండి, అక్కడికెళ్లాక స్టూడెంట్ పర్మిట్‌గా మార్చుకోవచ్చు అని ఎవరైనా ఏజెంటు చెబితే అక్కడితో ఆ మాట ఆపేయండి. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు చదువు వీసాతోనే వెళ్లాలి. గడువు లోపల దరఖాస్తు పెడితే దొరికే రక్షణ కూడా షార్ట్ స్టే వీసాకు వర్తించదు.

విమానం ఎక్కకముందు: పేరు

మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ చిక్కులు తెచ్చేది పేరే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, తర్వాత అసలు పేరు, మొత్తం ఒకే వరుసలో ఉంటుంది. ఇంటర్ మెమోలో ఇంటిపేరు బదులు ఒక్క ఇనిషియల్ ఉంటుంది. బీటెక్ సర్టిఫికెట్‌లో మళ్లీ పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఇంకోలా. పాస్‌పోర్టుకు అప్లై చేసినప్పుడు నెట్ సెంటర్‌లో కూర్చున్న అబ్బాయి సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి పేరంతా గివెన్ నేమ్ గడిలో కొట్టేసి ఉంటాడు. ఇక్కడ ఉన్నన్నాళ్లు దీనివల్ల ఏ ఇబ్బందీ తెలియదు. జర్మనీలో ప్రతి ఫారంలోనూ ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి వేరువేరుగా ఉంటాయి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే మునిసిపాలిటీ వాళ్లు ఒకలా, ఇన్సూరెన్స్ వాళ్లు ఒకలా, యూనివర్సిటీ వాళ్లు ఇంకోలా రాసుకుంటారు. తర్వాత ఇవన్నీ ఒకే మనిషివని పర్మిట్ ఆఫీసుకు చూపించడానికి మీరు తిరగాలి.

కాబట్టి పాస్‌పోర్టు తీసి మొదటి పేజీ చూడండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, ఇంటిపేరు విడదీసి రీఇష్యూ చేయించుకోండి. ఈ పని ఏపీఎస్ సర్టిఫికెట్‌కు (మన చదువు సర్టిఫికెట్లు పరిశీలించి అసలైనవేనని ఇచ్చేది) అప్లై చేయకముందే చేయాలి. ఇండియా నుంచి వెళ్లే విద్యార్థులకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ తప్పనిసరి అయింది. అది ఒక పేరుతో, పాస్‌పోర్టు ఇంకో పేరుతో ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. రీఇష్యూకు టైమ్ లేకపోతే ఒక నియమం పెట్టుకోండి: జర్మనీలో ఏ ఫారం నింపినా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే, అదే వరుసలో, అదే స్పెల్లింగ్‌తో. ఇంట్లో పిలిచే పేరు, ఫేస్‌బుక్‌లో పేరు ఎక్కడా రానివ్వకండి.

పాస్‌పోర్టు గడువు కూడా అప్పుడే చూసుకోండి. మైనర్‌గా ఉన్నప్పుడు తీసుకున్న పాస్‌పోర్టులకు పదేళ్ల గడువు ఉండకపోవచ్చు. ఏడాదిన్నరలో తీరిపోయే పాస్‌పోర్టుతో వెళ్తే పర్మిట్ కూడా ఏడాదిన్నరకే వస్తుంది. ఆ తర్వాత బెర్లిన్ ఎంబసీ ద్వారానో, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబుర్గ్ కాన్సులేట్ల ద్వారానో కొత్త పాస్‌పోర్టు తెప్పించుకుని, దాంతో మళ్లీ పర్మిట్ ఆఫీసుకు వెళ్లాలి. ఇక్కడే రెన్యూ చేసుకుని వెళ్తే ఆ ఖర్చూ తిరుగుడూ రెండూ తప్పుతాయి.

డబ్బు: పొలం కాగితాలు ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ పనికిరావు

ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉందని చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. ఆ రోజు రేటును బట్టి రూపాయల్లో పన్నెండు లక్షలకు అటూఇటూ. ఈ అంకె మారుతూ ఉంటుంది కాబట్టి డబ్బు పంపే ముందు జర్మన్ కాన్సులేట్ సైట్‌లో చూసుకోండి.

ఈ డబ్బును బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తారు. జర్మన్‌లో ష్పెర్‌కోంటో. మీరు అక్కడికి వెళ్లాక నెలకు ఇంతని మీ మామూలు అకౌంట్‌లోకి వస్తుంది, ఒకేసారి మొత్తం తీసుకోలేరు. పొలం పాస్‌బుక్కు, రొయ్యల చెరువు లీజు కాగితం, ఇంటి విలువకు సీఏ ఇచ్చిన సర్టిఫికెట్ మన బ్యాంకులో లోన్ తీసుకోవడానికి పనికొస్తాయి. అక్కడి పర్మిట్ ఆఫీసు లెక్కలోకి అవి రావు. లోన్ మంజూరైన లెటర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో పడాలి, పడిందని వాళ్లిచ్చే కన్ఫర్మేషన్ మీ దగ్గర ఉండాలి. వీసాకు చూపించిన ఆ కాగితాన్నే పర్మిట్‌కూ అడుగుతారు, కాబట్టి పీడీఎఫ్ దాచుకోండి.

అమ్మానాన్నలకు ఒక మాట. పర్మిట్ పొడిగించేటప్పుడు మళ్లీ డబ్బు చూపించమంటారు. పిల్లవాడు పార్ట్‌టైమ్‌లో సంపాదిస్తే జీతం స్లిప్పులు చూపించొచ్చు, కానీ అందరికీ మొదటి ఏడాదే పని దొరుకుతుందన్న నమ్మకం లేదు. బంగారం మీద తెచ్చినా, బ్యాంకులో తెచ్చినా, రెండో ఏడాది లెక్క కూడా ముందే వేసుకుని దిగండి. అక్కడ చదువు మధ్యలో ఈ బెంగ పడిన పిల్లలు పరీక్షలు పోగొట్టుకోవడం కళ్లారా చూశాను.

ఇన్సూరెన్స్: చవకని తొందరపడొద్దు

ముప్పై ఏళ్ల లోపు విద్యార్థులకు ప్రభుత్వ పద్ధతి కింద నడిచే హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుంది. టీకే, ఏఓకే, బార్మర్, డీఏకే లాంటివి ఆ కోవలోవి. నెలకు దాదాపు 140 నుంచి 150 యూరోలు అవుతుంది. ప్రైవేటు ప్లాన్ ఇంకా తక్కువకు వస్తుందని అమ్మేవాళ్లు ఉంటారు. ప్రైవేటుకు వెళ్లాలంటే ప్రభుత్వ ఇన్సూరెన్స్ నాకొద్దని రాసివ్వాలి. ఒకసారి అలా రాసిస్తే ఆ చదువు పూర్తయ్యేదాకా తిరిగి అందులోకి రాలేరు. నెలకు కొన్ని యూరోలు మిగులుతాయని అంత పెద్ద నిర్ణయం సంతకం పెట్టి రాకండి.

వీసా కోసం, ప్రయాణం కోసం తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరు. అది మొదటి కొన్ని వారాలకే. పర్మిట్‌కు దాన్ని ఒప్పుకోరు. ముప్పై దాటినవాళ్లకు దారి వేరు కాబట్టి, వాళ్లు బయల్దేరకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి అడగాలి.

వీసా చేతికి రాగానే

మనవైపు వాళ్లు చాలామంది చెన్నైలో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సెంటర్‌కు వెళ్తారు. హైదరాబాద్‌లో కూడా ఉంది. చెన్నైలో పొద్దున అపాయింట్‌మెంట్ ఉంటే ముందురోజే వెళ్లిపోవడం మంచిది.

పాస్‌పోర్టు తిరిగొచ్చాక వీసా స్టిక్కర్ మీద పేరు స్పెల్లింగ్, పాస్‌పోర్టు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, కింద రాసిన రిమార్కులు, ఈ నాలుగూ వేలు పెట్టి చదవండి. తప్పుంటే విమానం ఎక్కకముందే కాన్సులేట్‌కు రాయండి. గడువు తీరే తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. దానికి ఎనిమిది వారాల ముందు తేదీని కూడా పెట్టుకోండి. మీ అసలు గడువు ఆ రెండోదే అనుకోండి.

ఒరిజినల్స్ అన్నీ చేతి సంచిలోనే పెట్టుకోండి. అన్నిటినీ స్కాన్ చేసి, పాస్‌పోర్టు, అడ్మిషన్, ఇన్సూరెన్స్ అని ఏది దేనికదిగా ఫైల్ పేర్లు పెట్టి మెయిల్‌లోనూ ఒక కాపీ ఉంచండి.

దిగిన మొదటి రెండు వారాలు

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు చేయించాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇది లేనిదే ఏ పనీ కదలదు. బ్యాంకు అకౌంట్, ట్యాక్స్ నంబరు, పర్మిట్ దరఖాస్తు అన్నీ దీనిమీదే నిలబడ్డాయి.

అన్‌మెల్డుంగ్‌కు పాస్‌పోర్టుతో పాటు ఇంటి ఓనరు సంతకం పెట్టిన ఒక కాగితం కావాలి, పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన మా ఇంట్లో చేరాడని అందులో ఉంటుంది. అద్దె అగ్రిమెంటు ఉంది కదా అంటే కుదరదు, ఈ కాగితం విడిగా కావాలి.

ఇక్కడే మన పిల్లలు ఇరుక్కుపోతారు. ముందు సీనియర్ గదిలో నెల రోజులు సర్దుకుంటాం, తర్వాత ఇల్లు చూసుకుంటాం అనుకుంటారు. సీనియర్‌కు ఓనరు ఆ గది ఒక్కడికే ఇచ్చి ఉంటాడు, ఇంకొకరి పేరుతో సంతకం పెట్టడు. అన్‌మెల్డుంగ్ ఆగిపోతుంది, దాంతో అన్నీ ఆగిపోతాయి. వీసా గడువు మాత్రం ఆగదు. ఇల్లు మాట్లాడేటప్పుడే "అన్‌మెల్డుంగ్‌కు సంతకం పెడతారా?" అని అడగండి. పెట్టనంటే ఎంత చవకైనా ఆ ఇల్లు మీకు కాదు. ఇండియాలో ఉండగానే యూనివర్సిటీ ఊళ్లోని విద్యార్థి హాస్టళ్లకు, అంటే ష్టూడెంటెన్‌వెర్క్ గదులకు, అడ్మిషన్ రాగానే అప్లై చేయండి. క్యూ పెద్దది, అయినా చేయండి. ఫొటోలు మాత్రమే చూపించి డిపాజిట్ ముందు పంపమనే ఇంటి ప్రకటనల జోలికి పోకండి. ఇల్లు మీరు గానీ నమ్మకమైన మనిషి గానీ చూశాకే డబ్బు.

నమోదు అయ్యాక చేయాల్సిన మొదటి పని ఎవరూ చెప్పనిది ఒకటుంది: పోస్టు పెట్టె మీద పేరు. మన ఊళ్లో ఫలానావాళ్ల అబ్బాయి అంటే చాలు, పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తెచ్చి ఇస్తాడు. అక్కడ ఒకే మెట్ల కింద పది పన్నెండు ఇనప పెట్టెలు వరుసగా ఉంటాయి. చాలా అడ్రసుల్లో ఫ్లాట్ నంబరే ఉండదు. పోస్టు తెచ్చేవాళ్లు పెట్టె మీద ఇంటిపేరు చూసి వేసి వెళ్లిపోతారు. పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన చోటికే తిరిగిపోతుంది. ఆ ఉత్తరం పర్మిట్ ఆఫీసు అపాయింట్‌మెంట్ తేదీది కావచ్చు. అందుకని ఓనరుకో హాస్టల్ కేర్‌టేకర్‌కో చెప్పి, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరును ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాసి ఆరోజే అంటించండి. తాత్కాలికంగా అంటించే కాగితమైతే పైన టేపు వేయండి, వానకు చెదరకుండా. కింద కాలింగ్ బెల్ దగ్గర కూడా అదే పేరు. ఒక ఫ్లాట్‌లో నలుగురుంటే నలుగురి ఇంటిపేర్లూ ఉండాలి. అక్కడ ప్రభుత్వ ఆఫీసులు ఇప్పటికీ చాలా వ్యవహారం ఉత్తరాల మీదే నడుపుతాయి. వారానికి ఒకసారి కాదు, రోజూ పెట్టె తెరిచి చూడండి.

ఇంతలో యూనివర్సిటీలో పేరు నమోదు, ఇన్సూరెన్స్ యాక్టివేషన్, మామూలు బ్యాంకు అకౌంట్, బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెల డబ్బు తెరిపించడం అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోతాయి. వీటిలో పెద్ద చిక్కు ఉండదు, ఒక్కోదానికి కొన్ని రోజులు పడుతుందంతే.

దరఖాస్తు

అన్‌మెల్డుంగ్, యూనివర్సిటీ నమోదు, ఇన్సూరెన్స్ ఈ మూడూ అయిన మర్నాడే దరఖాస్తు మొదలుపెట్టండి. వీసాకు ఇంకా నాలుగు నెలలు ఉంది కదా అని ఆగొద్దు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కొత్త విద్యార్థులంతా ఆ ఆఫీసు మీదే పడతారు.

మీ ఊరి ఆఫీసు వెబ్‌సైట్ తెరవండి. కొన్ని ఊళ్లలో పూర్తిగా ఆన్‌లైన్ దరఖాస్తు ఉంటుంది. కొన్నింటిలో ఫారం నింపి మెయిల్‌లో గానీ పోస్టులో గానీ పంపమంటారు. కొన్నింటిలో ముందు అపాయింట్‌మెంట్ తీసుకోమంటారు. కొన్ని యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల ఆఫీసు వాళ్లే దరఖాస్తులు తీసుకుని అందరివీ కలిపి పంపుతారు. వాళ్లను మొదటి వారంలోనే అడగండి. ఉన్న దారుల్లో అదే సులువు.

మామూలుగా అడిగేవి ఇవి:

- నింపి సంతకం పెట్టిన దరఖాస్తు ఫారం
- పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీ
- అడ్రసు నమోదు సర్టిఫికెట్, అద్దె అగ్రిమెంటు
- ఈ సెమిస్టర్‌కు యూనివర్సిటీ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, అంటే ఇమ్మట్రికులాట్సియోన్స్‌బెషైనిగుంగ్
- ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన కన్ఫర్మేషన్ లెటర్ (కార్డు ఫొటో ఒక్కటే చాలదు)
- బ్లాక్డ్ అకౌంట్ కన్ఫర్మేషన్, స్కాలర్‌షిప్ ఉంటే ఆ లెటర్

ఫారంలో అడిగిన ప్రతి గడీ నింపండి. అంతకుముందు జర్మనీకి వచ్చారా, ఏ దేశంలోనైనా వీసా తిరస్కరించారా, కేసులున్నాయా లాంటి ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టే రాయండి. వర్తించని చోట అడ్డగీత పెట్టండి, ఖాళీగా వదలకండి. కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌లో, పై వరుసలోనే సర్ది పంపితే చూసేవాళ్లకు పని తేలికవుతుంది. ఒక్క కాగితం తగ్గినా అడుగుతూ వాళ్లు ఉత్తరం రాయడం, మీరు జవాబివ్వడం అంటూ వారాలు గడిచిపోతాయి.

ఫొటో విషయం. 2025 మే 1 నుంచి జర్మనీలో ఇలాంటి కార్డులకు కాగితం ఫొటోలు పోయి డిజిటల్ ఫొటోలు వచ్చాయి. అనుమతి ఉన్న ఫొటో స్టూడియో నేరుగా ఆన్‌లైన్‌లో పంపి మీకు ఒక కోడ్ ఇస్తుంది, లేదంటే ఆఫీసులోనే ఉన్న మెషీన్ దగ్గర 6 యూరోలకు తీసుకోవచ్చు. అందుకని నెల్లూరు ట్రంక్ రోడ్డులో డజన్ల కొద్దీ ఫొటోలు తీయించుకుని వెళ్లక్కర్లేదు, వీసాకు కావాల్సినవి చాలు.

ఫీజు మొదటి పర్మిట్‌కు 100 యూరోలు, తర్వాత పొడిగింపుకు 93.

రుజువు

నేను మొదట చెప్పిన తేదీ ఇక్కడే వస్తుంది. జర్మన్ నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో క్లాజు ప్రకారం, చేతిలో ఉన్న నేషనల్ వీసా గడువు తీరకముందు మీరు దరఖాస్తు పెట్టి ఉంటే, ఆఫీసు నిర్ణయం తీసుకునేదాకా ఆ వీసా కొనసాగుతున్నట్టే లెక్క. అంటే వాళ్లు మూడు నెలలు ఆలస్యం చేసినా మీరు అక్కడ ఉండటం చట్టబద్ధమే. వీసాతో వచ్చిన పని హక్కులు కూడా కొనసాగుతాయి. గడువు తీరిన మర్నాడు పెట్టిన దరఖాస్తుకు ఆ రక్షణ దానంతట అది రాదు. ఆఫీసు దయతలిచి ఇవ్వాలి.

ఆన్‌లైన్‌లో పెడితే చివర వచ్చే కన్ఫర్మేషన్ పేజీని పీడీఎఫ్‌గా దించుకోండి. వచ్చిన మెయిల్‌ను ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకోండి. ఆన్‌లైన్ సదుపాయం లేకపోతే ఫారం, కాగితాలన్నీ జతచేసి ఆఫీసుకు మెయిల్ పంపి, అదే సెట్‌ను రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. అక్కడ దాన్ని ఐన్‌ష్రైబెన్ అంటారు. రసీదు పారేయకండి. మెయిల్ మొదటి లైన్లలోనే పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వీసా ఏ తేదీన తీరుతుంది, ఏ పర్మిట్ కోసం దరఖాస్తు అన్నవి రాయండి.

"నాకు అపాయింట్‌మెంట్ ఇవ్వండి" అని మెయిల్ పెట్టి, అదే దరఖాస్తు అనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను. అలా అనుకోవద్దు. అపాయింట్‌మెంట్ అడిగినా సరే, దరఖాస్తు ఫారం కూడా పంపాలి.

వీసా గడువు తీరేలోపు కార్డు రాకపోతే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం ఇవ్వమని అడగొచ్చు. దరఖాస్తు పెండింగ్‌లో ఉంది, ఇతను ఇక్కడ ఉండొచ్చు అని ఆఫీసు రాసిచ్చేది అది. పార్ట్‌టైమ్ ఇచ్చే కంపెనీ, బ్యాంకు దాన్ని అడుగుతాయి. చేతికి రాగానే అందులో ఏ గడికి టిక్కు పెట్టారో చూడండి. 81వ సెక్షన్ నాలుగో క్లాజు అని ఉంటే ఇండియాకు వచ్చి తిరిగి వెళ్లొచ్చు. మూడో క్లాజు అని ఉంటే దేశం దాటితే దాంతో తిరిగి రాలేరు. సంక్రాంతికో, అక్క పెళ్లికో టికెట్ బుక్ చేసేముందు ఈ ఒక్క గడి చూసుకోండి. మధ్యలో ఇంకో దేశంలో విమానం మారేదుంటే, ఈ కాగితంతో ఎక్కనిస్తారా అని ఎయిర్‌లైన్స్‌ను ముందే మెయిల్‌లో అడగండి. నన్నడిగితే, మొదటి కార్డు చేతికొచ్చేదాకా ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు. అమ్మానాన్నలు కూడా ఆ మొదటి సంక్రాంతికి రమ్మని ఒత్తిడి చేయకండి.

ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు లేకపోతే యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసును కలవండి. విద్యార్థి సంఘం ఆస్టా దగ్గర చాలాచోట్ల ఉచితంగా న్యాయ సలహా దొరుకుతుంది. దరఖాస్తు పెట్టి మూడు నెలలు దాటినా కారణం లేకుండా తేల్చకపోతే కోర్టుకు వెళ్లే హక్కు కూడా చట్టంలో ఉంది. అంతదూరం వెళ్లేవాళ్లు అరుదు, లాయరు సలహా లేకుండా వెళ్లకూడదు కూడా. వాట్సాప్ గ్రూపులో సీనియర్లు చెప్పేది వినండి గానీ, మీ కేసుకు తుది మాట అదే అనుకోకండి.

అపాయింట్‌మెంట్ రోజు

పది నిమిషాలు ముందే ఉండండి. పంపిన ప్రతి కాగితం ఒరిజినల్ పట్టుకెళ్లండి. రెండు వేలిముద్రలు, సంతకం తీసుకుంటారు, ఫీజు కట్టించుకుంటారు. కార్డుతో కడితే సులువు. ఇంగ్లిష్‌లో మాట్లాడతారన్న గ్యారంటీ లేదు, జర్మన్ వచ్చిన స్నేహితుడిని తీసుకెళ్లండి. కార్డు బెర్లిన్‌లో తయారై వస్తుంది, దానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ఈలోపు వీసా తీరిపోతుంటే, తాత్కాలిక కాగితం అక్కడే అడిగి తీసుకుని బయటికి రండి.

కార్డు వచ్చాక

ముందు పేరు, పుట్టిన తేదీ, గడువు చూడండి. కార్డుతో పాటు ట్సూజాట్స్‌బ్లాట్ అని ఒక విడి కాగితం ఇస్తారు. షరతులు ఉండేది అందులోనే. చాలామంది దాన్ని ఇంట్లో పడేసి కార్డు ఒక్కటే జేబులో పెట్టుకుని తిరుగుతారు. రెండూ కలిపి ఉంచుకోండి.

పని గంటల రూలు అందులో రాసి ఉంటుంది. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. నాలుగు గంటల వరకు చేస్తే సగం రోజు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు చేసే పనిని వారానికి రెండున్నర రోజులుగా లెక్కేసే పద్ధతి కూడా ఉంది. యూనివర్సిటీలోనే చేసే స్టూడెంట్ అసిస్టెంట్ పని ఈ లెక్కలోకి రాదు. సొంతంగా బిల్లులిచ్చి చేసే ఫ్రీలాన్స్ పనికి విడిగా అనుమతి కావాలి. డెలివరీ యాప్‌లలో చేరేముందు మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకుంటున్నారా, సొంత వ్యాపారిగా చూపిస్తున్నారా అని అడగండి. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళ్లండి, పొడిగింపు సమయంలో లెక్క అడిగితే చెప్పగలగాలి.

ఇల్లు మారితే రెండు వారాల్లో కొత్త అడ్రసు నమోదు చేయాలి. ఊరు మారితే మీ ఫైల్ కూడా కొత్త ఊరి ఆఫీసుకు మారుతుంది, దానికి టైమ్ పడుతుంది. పర్మిట్ తీరడానికి నెల ముందు ఊరు మారే పని పెట్టుకోకండి. జర్మనీ బయట ఆరు నెలలకు మించి ఉంటే పర్మిట్ రద్దవుతుంది. ఇంట్లో ఎవరికైనా బాగోలేక అంతకాలం ఉండాల్సి వస్తే, బయల్దేరకముందే ఆఫీసుకు రాసి గడువు అడగాలి.

పొడిగింపు, చదువు అయ్యాక

పొడిగింపుకు కాగితాలు ఇవే, వాటితో పాటు మార్కుల జాబితా అడుగుతారు. సబ్జెక్టులు మిగిలిపోయి చదువు ఆలస్యమైతే, ఎప్పటికి పూర్తవుతుందో డిపార్ట్‌మెంట్ నుంచి ఒక లెటర్ తీసుకుని జతచేయండి. ఆఫీసు అడగకముందే ఇవ్వడం మంచిది. పొడిగింపుకు కూడా ఎనిమిది వారాల ముందే, గడువు తేదీకి ముందే దరఖాస్తు, చేతిలో రుజువు.

డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు వేరే పర్మిట్ ఇస్తారు. దానికి కూడా స్టూడెంట్ పర్మిట్ బతికుండగానే దరఖాస్తు పెట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్ ప్రింటయి వచ్చేదాకా ఆగకుండా, అన్ని సబ్జెక్టులూ పాసైనట్టు యూనివర్సిటీ ఇచ్చే తాత్కాలిక లెటర్‌తో అప్లై చేయొచ్చా అని ఆఫీసును ముందుగానే అడగండి. ఆ 18 నెలల్లో ఏ పనైనా చేయొచ్చు, కానీ బతకడానికి డబ్బు, ఇన్సూరెన్స్ మళ్లీ చూపించాలి. స్టూడెంట్ ఇన్సూరెన్స్ రేటు అప్పటికి ఆగిపోతుంది కాబట్టి కొత్త ప్రీమియం ఎంతో చివరి సెమిస్టర్‌లోనే కనుక్కోండి.